మా కాంప్లెక్స్‌లో ఈవీ చార్జర్లు: కంపెనీకి జాగా ఇవ్వాలా, మనమే పెట్టుకోవాలా?

నాలుగుమడిగెలు:

అందరికీ నమస్తే. హనుమకొండ నయీంనగర్ దగ్గర మాకో చిన్న కాంప్లెక్స్ ఉంది, 2011లో నాన్న కట్టించింది. సెల్లార్, గ్రౌండ్, పైన మూడంతస్తులు. కింద బ్యాంకు, మెడికల్ షాపు, టిఫిన్ సెంటర్ ఉన్నాయి. మొదటి అంతస్తులో స్కానింగ్ సెంటర్, పళ్ళ డాక్టరు, రెండోది మొత్తం కోచింగ్ వాళ్ళది, పైన ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. సెల్లార్‌లో 16 కార్లు పడతాయి, రోడ్డు వైపు ఖాళీ జాగాలో ఇంకో ఐదు.

పోయిన నెల కోచింగ్‌కొచ్చే ఒకబ్బాయి మెడికల్ షాపులోంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి మెట్ల కింద స్కూటర్‌కు చార్జింగ్ పెట్టుకున్నాడు. గంట తిరక్కుండానే ప్లాస్టిక్ కాలిన వాసన. ప్లగ్గు పీకి చూస్తే ఒక పిన్ను చుట్టూ గోధుమరంగుకు తిరిగి మెత్తబడిపోయి ఉంది. బ్యాంకు మేనేజరు గారు అప్పటికప్పుడే నాన్నకు ఫోన్ చేసి నాలుగు మాటలన్నారు, ఆయన తప్పేమీ లేదు. మేం పద్ధతిగా పెట్టకపోతే జనం ఎలాగోలా వాళ్ళే పెట్టుకుంటారని అప్పుడు అర్థమైంది. స్కానింగ్ సెంటర్ డాక్టరు గారికి విండ్సర్ ఎలక్ట్రిక్ కారు ఉంది, పైన ఆఫీసు వాళ్ళలో ఇద్దరికి నెక్సాన్, టియాగో ఉన్నాయి, కనబడ్డప్పుడల్లా ఇదే అడుగుతున్నారు.

ఇంతలో ఒక చార్జింగ్ కంపెనీ మనిషి వచ్చాడు. ముందున్న ఐదు స్లాట్లలో రెండు పదేళ్ళకు రాసిస్తే 60 కిలోవాట్ల డీసీ చార్జర్లు, అంటే బ్యాటరీని వేగంగా నింపేవి, రెండు పెడతారట, మాకు పైసా ఖర్చు లేదట, అమ్మిన యూనిట్‌కు రూపాయి చొప్పున ఇస్తారట. వినడానికి బాగానే ఉంది, అందుకే అనుమానంగా కూడా ఉంది. నాన్నేమో కరెంటు అమ్మాలంటే లైసెన్సు కావాలి, ఈ గోల మనకెందుకురా అంటున్నారు. ఇదివరకు పెట్టినవాళ్ళెవరైనా ఉంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చెప్పండి.

ఎర్తింగ్‌గుంత:

తమ్ముడూ, నేను వరంగల్‌లో ఎలక్ట్రికల్ కాంట్రాక్టులు చేస్తాను, ఈవీ పాయింట్లు ఈ రెండేళ్ళలో చాలానే పెట్టాను. ముందు మీ నాన్న గారి భయం తీరుద్దాం. బండ్లకు చార్జింగ్ పెట్టడానికి విద్యుత్ చట్టం కింద లైసెన్సు అక్కర్లేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లోనే తేల్చేసింది. ఉన్న కనెక్షన్ మీద లోడు పెంచుకునైనా పెట్టుకోవచ్చు, వేరే మీటరైనా తీసుకోవచ్చు. నన్నడిగితే వేరే మీటరే తీసుకోండి, మన టారిఫ్‌లో ఈవీ చార్జింగ్‌కు విడిగా కేటగిరీ ఉంది, మడిగెల కమర్షియల్ రేటు కన్నా బాగా తక్కువ పడుతుంది. పైగా ఎవరి కరెంటు ఎవరు వాడారనే పంచాయితీ ఉండదు.

ఇక అసలు సంగతి. అందరూ ఏ చార్జర్ కొనాలి అని మొదలుపెడతారు, అది ఆఖరున చూసుకోవాల్సింది. మొదట చూడాల్సింది మీ ట్రాన్స్‌ఫార్మర్. ఎన్ని కేవీఏ, అంటే మొత్తం ఎంత లోడు మోయగలదు? మధ్యాహ్నం అన్ని ఏసీలూ నడుస్తున్నప్పుడు దాని మీద ఎంత లోడు పడుతోంది? మడిగెల మీటర్లు వేరువేరు కాబట్టి బిల్లులు కూడితే అది తేలదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, మెయిన్ ప్యానెల్ దగ్గర టంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టి కరెంటు ఎంత పోతోందో చూపే మీటరు) పెట్టించి ఆర్, వై, బీ అనే మూడు ఫేజుల్లో ఆంప్స్ ఎంతెంతున్నాయో విడివిడిగా రాయించుకోండి. పొద్దున 11కి ఒకసారి, 2కి ఒకసారి, సాయంత్రం 7కి ఒకసారి. ఈ ఎండల్లోనే చేయించండి, డిసెంబరులో తీసిన రీడింగు పనికిరాదు.

కంపెనీ వాడు చెప్పిన 60 కిలోవాట్లు రెండు అంటే ఒక్కొక్కటి ఫుల్ లోడు మీద దగ్గరదగ్గర 90 ఆంపులు లాగుతుంది, మూడు ఫేజుల మీదా. రెండూ కలిస్తే మీ సైజు కాంప్లెక్స్‌కు మామూలుగా ఉండే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ వాటికే చాలదు. అంటే ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ రావాలి. దాని దిమ్మె ఎక్కడ వేస్తారు, ఆ జాగా ఎవరిది, ఇంకో స్లాట్ పోతుందా, ఇవి అడిగారా?

రెండోది, మీ దగ్గరికొచ్చే కారు ఎంతసేపు నిలబడుతుంది? హైవే మీదైతే అరగంటలో పోవాలి కాబట్టి డీసీ కావాలి. మీకొచ్చేవాళ్ళలో స్కానింగ్‌కొచ్చినవాడు గంటన్నర కూర్చుంటాడు, ఆఫీసువాడు ఎనిమిది గంటలు. వీళ్ళకు 7.4 కిలోవాట్ల ఏసీ చార్జర్, అంటే మామూలు కరెంటునే నెమ్మదిగా ఎక్కించేది, సరిపోతుంది. గంటన్నరలో పది యూనిట్లు ఎక్కినా నెక్సాన్ లాంటి కారు 60, 70 కిలోమీటర్లు పోతుంది. ఎవరైనా 22 కిలోవాట్ల ఏసీ అంటగట్టాలని చూస్తారు, జాగ్రత్త. ఏసీ మీద ఎంత తీసుకోవాలనేది కారులో ఉండే చార్జర్ చేతిలో ఉంటుంది, బయట గోడకున్న డబ్బా చేతిలో కాదు. మన రోడ్ల మీద తిరిగే కార్లు ఎక్కువ భాగం 7.2, 7.4 మించి తీసుకోవు, చిన్న మోడళ్ళలో కొన్ని 3.3 మాత్రమే. గ్లాసుడు పట్టేవాడికి బకెట్ ఇచ్చినట్టు ఉంటుంది.

సెల్లార్ గురించి ఒక మాట. నయీంనగర్ అంటున్నారు, 2023 జులైలో నాలా పొంగినప్పుడు మీ సెల్లార్‌లోకి నీళ్ళు వచ్చాయా లేదా? వచ్చి ఉంటే ఆ మరక గోడ మీద ఇంకా ఉంటుంది, చార్జర్లూ ప్యానెలూ దానికి పైనే బిగించండి. రూల్ ప్రకారం సాకెట్ నేలకు కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి, మీ దగ్గర అది చాలకపోవచ్చు. బండి నిలిపే చోటుకు చార్జింగ్ పాయింట్ ఐదు మీటర్లలోపు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు అసలు వాడకూడదు, అది కూడా రూలే. మీ మెట్ల కింద స్కూటర్ విషయం తేలిగ్గా తీసుకోవద్దు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, ఆ పొగ మెట్ల మీదుగా పైనున్న లాడ్జిలోకి ఎక్కి 8 మంది పోయారు. మెట్ల కింద, లిఫ్టు ముందర, జనరేటర్ పక్కన ఏ పాయింటూ వద్దు.

సూర్యాపేటహోటల్:

పై అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నాకు విజయవాడ హైవే మీద, సూర్యాపేట దాటాక హోటల్ ఉంది. 60 కిలోవాట్ల డ్యూయల్ గన్ చార్జర్, అంటే కారుకు తగిలించే గన్‌లు రెండున్నది, ఒకటి సొంతంగానే పెట్టాను. లెక్కలు దాచను. చార్జర్ పది లక్షల చుట్టూ అయింది, ట్రాన్స్‌ఫార్మర్, కేబుల్, దిమ్మె, పైన రేకుల షెడ్డు, డిపాజిట్టు అన్నీ కలిపి ఇంకో ఏడు. రోజుకు సగటున వంద యూనిట్లు పోతాయి, ఆదివారాలు ఎక్కువ, మంగళ బుధవారాల్లో అరవై కూడా దాటదు. జీఎస్టీతో కలిపి యూనిట్ 20 రూపాయలు తీసుకుంటాను. అందులో పన్ను తీస్తే 17 లోపే మిగులుతుంది, కరెంటు బిల్లూ, చార్జర్‌లో వేడిగా పోయేదీ, యాప్ వాళ్ళ వాటా పోను చేతికి ఏడూ ఎనిమిది రూపాయలు. రోజుకు ఎనిమిది వందలు అనుకోండి. అసలు తిరిగి రావడానికే ఆరేళ్ళు.

మరి ఎందుకు పెట్టావంటారా? కారు నలభై నిమిషాలు ఆగుతుంది, నలుగురు దిగుతారు, దోసె తిని టీ తాగి పిల్లలకు బిస్కెట్ ప్యాకెట్ కొంటారు. నాకు డబ్బు అక్కడ. మీ దగ్గర అలాంటి వ్యాపారం ఉన్నది టిఫిన్ సెంటర్ ఒక్కటే, అది కూడా కిరాయికిచ్చింది. వాళ్ళ గల్లా నిండుతుంది, మీ అప్పు తీరదు.

నాకు తగిలిన దెబ్బ కూడా చెప్తాను. మొదట నేను తీసుకున్న చార్జర్ స్క్రీన్ పడమటి ఎండకు ఎదురుగా వచ్చేలా బిగించి పోయారు. మధ్యాహ్నం మూడింటికి దాని మీద అక్షరం కనబడదు, డ్రైవర్లు చెయ్యి అడ్డం పెట్టుకుని, తువ్వాల కప్పుకుని చూసేవాళ్ళు. తర్వాత లోపల ఒక పవర్ మాడ్యూల్ పోయింది, కొత్తది రావడానికి 11 రోజులు. ఆ 11 రోజులూ యాప్‌లో మాత్రం నా స్టేషన్ పచ్చగా, అంతా బాగున్నట్టు చూపిస్తూనే ఉంది. ఐదు శాతం బ్యాటరీతో వచ్చిన ఒకాయన నన్ను తిట్టిన తిట్లు నేను మర్చిపోలేదు, ఆ తప్పు నాది కాదని ఆయనకెలా చెప్పను? అందుకే కొనేటప్పుడు రేటు గురించి ఒక గంట బేరమాడితే సర్వీసు గురించి రెండు గంటలు బేరమాడండి. మనిషి ఎన్ని గంటల్లో వస్తాడు, మాడ్యూల్ స్టాకు ఎక్కడుంటుంది, రాకపోతే రోజుకెంత కడతాడు, కాగితం మీద రాయించుకోవాలి.

సంక్రాంతి సంగతి వేరే. పండక్కి రెండు రోజుల ముందు పంతంగి టోల్ దగ్గర్నుంచే బారులు, నా దగ్గర ఏడు కార్లు లైన్లో, ఎవరు ముందొచ్చారో అని కొట్లాట. చిట్టీలు రాసి ఇచ్చాను, పెళ్ళి భోజనాల్లో లాగ.

ఉప్పల్‌నుంచి_నెక్సాన్:

వాడేవాడి మాట కూడా వినండి. నెలకు మూడుసార్లు ఉప్పల్ నుంచి హనుమకొండ వస్తాను, అత్తగారిల్లు అక్కడే. ఘట్‌కేసర్, భువనగిరి, జనగామ మీదుగా వచ్చేసరికి బ్యాటరీ సగం దిగువకు వస్తుంది. ఊళ్ళో రెండు మూడు గంటలు ఎటూ ఆగుతాను కాబట్టి నాకు ఫాస్ట్ చార్జర్ కన్నా ఖాయంగా పనిచేసే మామూలు చార్జర్ ముఖ్యం.

సెల్లార్‌లో పెడుతున్నారు కాబట్టి ఒకటి తప్పకుండా చూసుకోండి, ఫోన్ సిగ్నల్! ఒక షాపింగ్ కాంప్లెక్స్‌లో గన్ కారుకు పెట్టి, యాప్ తెరిస్తే తిరుగుతూనే ఉంది. పైకెక్కి ఓటీపీ తెచ్చుకుని కిందికొస్తే టైం అయిపోయిందంటుంది. మూడుసార్లు ఎక్కిదిగి, నాలుగోసారి మా ఆవిడను పైన మెట్ల దగ్గర నిలబెట్టి, ఆమె ఫోన్‌లో నొక్కితే నేను కింద గన్ పట్టుకున్నాను. వైఫై పెట్టండి, లేదా ట్యాప్ చేసే కార్డులు ఇవ్వండి, రోజూ వచ్చే ఆఫీసు వాళ్ళకు కార్డే మేలు. చార్జర్ ఇంటర్నెట్టుకు కూడా అదే సిగ్నల్ కావాలని మర్చిపోకండి.

ఇంకొకటి, పెట్రోల్ కార్లు. పచ్చరంగు వేసి బోర్డు పెట్టినా ఎవరో ఒకరు పెట్టేసి పైకి పోతారు. మీ వాచ్‌మన్‌కు ఇది ముందే గట్టిగా చెప్పండి. చార్జింగ్ అయిపోయాక కూడా తియ్యని ఈవీ వాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా, వాళ్ళకు పదిహేను నిమిషాలు వదిలి తర్వాత నిమిషానికింత అని వెయ్యండి. నేనే కట్టాను ఒకసారి, బుద్ధొచ్చింది.

నాలుగుమడిగెలు:

అందరికీ చాలా థాంక్స్. ఎర్తింగ్ అన్నా, మీరు చెప్పినట్టే రీడింగులు తీయించాను. ట్రాన్స్‌ఫార్మర్ 100 కేవీఏనే. నిన్న మధ్యాహ్నం 2కి ఆర్ ఫేజులో 98, వైలో 121, బీలో 84 ఆంపులు. పొద్దున 11కి ఇంతకంటే కొంచెం తక్కువ, సాయంత్రం 7కి బాగా తక్కువ, మూడూ డెబ్బై దగ్గర. 2023లో సెల్లార్‌లో మోకాలి పైదాకా నీళ్ళొచ్చాయి, మరక ఉంది, టేపు పెట్టి కొలిస్తే 700 మిల్లీమీటర్లు. కంపెనీ అతన్ని ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ అని అడిగితే 'అది మీ వైపు నుంచి చూసుకోవాలి సార్' అన్నాడు. పైసా ఖర్చు లేదన్న మనిషే.

ఎర్తింగ్‌గుంత:

చూశావా, కథంతా ఆ మూడు అంకెల్లోనే ఉంది. 100 కేవీఏ అంటే ఒక్కో ఫేజుకు 135 చుట్టూ హద్దు. వైలో 121 ఉంది, అక్కడ ఇంకేం పట్టదు. బీలో యాభై ఖాళీ. 7.4 చార్జర్ ఒక్కొక్కటి ఒక్క ఫేజు మీదే 32 ఆంపులు లాగుతుంది. ఏమీ ఆలోచించకుండా మూడు చార్జర్లు మూడు ఫేజులకు వేస్తే వై 153కు పోతుంది, మే నెల మధ్యాహ్నం మీ బ్యాంకు ఏసీలతో సహా అందరికీ చీకటి. కాబట్టి మొదట చేయాల్సింది చార్జర్ కొనడం కాదు, వైలో ఉన్న రెండు మూడు ఏసీలను బీలోకి మార్చడం. ఒక పూట పని. మూడూ కలిపితే 303, సమానంగా పంచితే ఒక్కొక్కటి 101. అప్పుడు ప్రతి ఫేజులో ముప్పైకి పైన చోటు దొరుకుతుంది.

అది చేశాక మూడు 7.4లు పెట్టుకోవచ్చు, కానీ లోడ్ మేనేజ్‌మెంట్ ఉన్నవే తీసుకో. మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఒక్కొక్కటి 16 ఆంపులకు తగ్గేలా, సాయంత్రం నుంచి 32కు పెరిగేలా పెట్టొచ్చు. ఆఫీసు వాళ్ళ కార్లు రోజంతా ఉంటాయి, వాళ్ళకు తేడా తెలియదు. ఓసీపీపీకి (చార్జర్లూ యాప్‌లూ మాట్లాడుకునే ఉమ్మడి భాష) పనిచేసే చార్జర్ కావాలని అడుగు, అదుంటే రేపు ఒక యాప్ కంపెనీ నచ్చకపోతే డబ్బా మార్చకుండానే ఇంకో కంపెనీకి మారొచ్చు.

కేబుల్ దగ్గర కక్కుర్తి పడొద్దు. ప్యానెల్ నుంచి స్లాట్ దాకా 40 మీటర్లుంటే 6 స్క్వేర్ ఎంఎం రాగి తీగలో ఎనిమిది వోల్టుల దాకా దారిలోనే పోతుంది, 10 వేస్తే ఐదు లోపు. ప్రతి చార్జర్‌కూ విడిగా 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు), అదీ టైప్ ఏ లేదా టైప్ బీ అని డబ్బా మీద చదివి మరీ తీసుకో, ఇళ్ళకు వాడే టైప్ ఏసీ ఇక్కడ సరిపోదు. చార్జర్ లోపల 6 మిల్లీ ఆంపుల డీసీ లీకేజీ పట్టేది ఉంటే టైప్ ఏ చాలు, లేకపోతే బీ. ఎర్తింగ్ వేరే వేయించు, పేరుకు తగ్గట్టు నేను దాని దగ్గర మాత్రం రాజీపడను. కొత్త మీటరుకు మున్సిపల్ ప్రాంతాల్లో ఏడు రోజుల్లో ఇవ్వాలని 2024 నుంచి రూలుంది, కొత్త లైను, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేని చోట. మీది అలాంటిదే.

స్కూటర్లకు క్యూఆర్ ఉండే 3.3 సాకెట్ బాక్సులు నాలుగు, ముందున్న ఖాళీ జాగాలో, షెడ్డు కింద. స్కూటర్ చార్జర్ ఒక్కొక్కటి కిలోవాట్ లోపే లాగుతుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్‌కు పెద్ద బరువు కాదు. కారు చార్జర్లు మూడే పెట్టినా కేబుల్ పైపులు మాత్రం ఎనిమిది స్లాట్ల దాకా ఇప్పుడే వేసెయ్. కొత్త ఈవీలకు మన రాష్ట్రంలో రోడ్డు ట్యాక్సు మాఫీ 2026 డిసెంబరు 31 దాకా ఉంది, బండ్లు పెరుగుతాయి, మళ్ళీ నేల తవ్వడం దండగ.

లెక్కలక్క:

నేను అకౌంట్స్ చూస్తాను, కరెంటు సంగతి నాకు తెలియదు గానీ కాగితాల సంగతి చెప్తాను. చార్జింగ్‌ను కరెంటు అమ్మకంగా చూడరు, సేవగా చూస్తారు, 18 శాతం జీఎస్టీ. చార్జర్ కొంటే దాని మీద 5 శాతమే, 2019 ఆగస్టు నుంచి. మీరు కిరాయిల మీద ఎలాగూ జీఎస్టీ కడుతుంటారు కాబట్టి చార్జర్ మీద కట్టింది క్రెడిట్ తీసుకోవచ్చు, కానీ షెడ్డు, సిమెంటు పనుల బిల్లులు మీ ఆడిటర్‌కు చూపించి అడగండి, అన్నిటికీ రాదు. కంపెనీ ఇచ్చే యూనిట్‌కు రూపాయి మీద కూడా మీరు పన్ను కట్టాలి, ఆ రూపాయి పన్నుతోనా పన్ను కాకుండానా అని అగ్రిమెంటులో ఉందా?

కంపెనీకే ఇవ్వాలనుకుంటే నేను చూసేవి ఇవి. కరెంటు కనెక్షన్ ఎవరి పేరు మీద? మీ పేరు మీద తీసుకుని వాళ్ళు బిల్లు ఎగ్గొట్టి పోతే ఆ బకాయి మీ బిల్డింగ్‌కు అంటుకుంటుంది, రేపు ఇంకో మీటరు అడిగినా ముందు అది కట్టమంటారు. నేను చూసిన ఒక అగ్రిమెంటులో కంపెనీ ఆరు నెలల నోటీసుతో వెళ్ళిపోవచ్చు, ఓనరు మాత్రం పదేళ్ళు కదలకూడదు, పైగా ఆ ఆవరణలో ఇంకెవరి చార్జరూ పెట్టకూడదు. ఆ చివరి మాట మీ దగ్గర కూడా ఉంటే మీ డాక్టరు గారికి సెల్లార్‌లో ఒక డబ్బా పెట్టాలన్నా వాళ్ళను అడుక్కోవాలి. కనీస నెలసరి మొత్తం ఎంతో కూడా రాయించుకోండి. యూనిట్లు అమ్ముడుపోకపోతే రూపాయి లెక్క సున్నానే కదా.

నాలుగుమడిగెలు:

అక్కా, ఇప్పుడే తెరిచి చూశాను. 14వ పేజీలో ఉంది, 'ఆవరణలో మరే ఇతర చార్జింగ్ సదుపాయం' అని. నాన్నకు చదివి వినిపించాను, కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని ఆయన కూడా ఒకసారి చదివి, వద్దని చెప్పెయ్ అన్నారు.

ఇప్పటికి అనుకున్నది ఇది. ఆదివారం బ్యాంకు మూసి ఉన్నప్పుడు ఏసీలు బీ ఫేజుకు మార్పిస్తాం, సోమవారం మధ్యాహ్నం మళ్ళీ టంగ్ టెస్టర్. ఆ తర్వాతే మీటరుకు అప్లై చేస్తాం. మూడు కార్ల చార్జర్లు సెల్లార్‌లో, మరకకు ఇంకో అర మీటరు పైన అంటే 1,200 మిల్లీమీటర్ల దగ్గర, నాలుగు స్కూటర్ సాకెట్లు ముందు. సెల్లార్‌లో సిగ్నల్ ఒక్క గీతే ఉంది, వైఫై రూటర్ లిస్టులో రాసుకున్నాను. మెడికల్ షాపు ఎక్స్‌టెన్షన్ బోర్డు అయితే తీసేశాను. ఆ స్కూటర్ అబ్బాయి నిన్న వచ్చి 'అన్నా, ఎప్పుడు పెడతారు' అని అడిగాడు, నెలాఖరు అన్నాను.

ఎర్తింగ్‌గుంత:

నెలాఖరు అని మాటివ్వకుండా ఉండాల్సింది తమ్ముడూ. సోమవారం రీడింగులు ఇక్కడే పెట్టు, ఏ ఫేజూ 110 దాటకపోతే కేబుల్ కొలతలు నేను రాసిస్తాను.